మునసబుల కాలం నాటి మరణ రిజిస్టర్లను కాపాడి, వెతకనివ్వండి

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ రెవెన్యూ శాఖ మంత్రివర్యులకు,

నమస్కారాలు. మా తాతగారు తన తండ్రి తద్దినాన్ని ఏటా కార్తీక శుద్ధ అష్టమినాడు పెట్టేవారు. తిథి మా ఇంట్లో నిలిచింది గానీ సంవత్సరం నిలవలేదు. "విషజ్వరాల ఏడు" అని మాత్రం నాయనమ్మ చెప్పేది. ఆ ఏడేదో తేల్చగలిగేది నాటి గ్రామ మునసబు రాసిన చావుపుట్టుకల రిజిస్టరొక్కటే.

మద్రాసు ప్రెసిడెన్సీలో 1899 నాటి చట్టం కింద రాసిన ఈ పుస్తకాలు, 1984లో గ్రామాధికారుల వ్యవస్థ రద్దయ్యాక చేతులు మారాయి. మా వైపు మిగిలినవి ఒక కార్యాలయంలో మూటకట్టి ఉన్నాయి. అక్కడ దరఖాస్తు ఇవ్వబోతే, మరణించిన తేదీ రాయనిదే తీసుకోబోమన్నారు. తేదీయే తెలిస్తే వెతకమని అడగడమెందుకు? మూడోసారి వెళ్ళినప్పుడు ఒక ఉద్యోగి దయతలచి, ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారి ఏడైన 1918 రిజిస్టరు దించారు.

నవంబరు పుటలో కారణం గడి నిండా "జ్వరం", "జ్వరం" అనే ఉంది. ఇన్‌ఫ్లుయెంజా అన్న మాట ఎక్కడా లేదు. ఏడో వరుసలో మా ముత్తాత పేరు, వయసు 34. పంచాంగం లెక్క కట్టిస్తే ఆ రోజు కార్తీక శుద్ధ అష్టమే. రెండు వరుసల కింద ఆయన కూతురు, ఆరేళ్ళ పిల్ల. ఆ పిల్ల పుట్టిందని కూడా మా ఇంట్లో ఎవరూ ఎన్నడూ అనలేదు.

ఈ అవసరం మా ఒక్కరిదే కాదు. 1860 నుంచి 1911 దాకా మద్రాసు రేవులో ఓడెక్కి దక్షిణాఫ్రికాలోని నేటాలు చెరకు తోటలకు వెళ్ళిన తెలుగువారి వారసులకు ఓడ జాబితాల్లో తండ్రి పేరు, ఊరు, తాలూకా దొరుకుతాయి. ఊళ్ళో ఉండిపోయిన ఆ తండ్రి ఏమయ్యాడో చెప్పవలసినవి ఇక్కడి పుస్తకాలే.

1969 నాటి జనన మరణాల నమోదు చట్టం 17వ సెక్షను ఎవరైనా వెతికించుకోవచ్చనే అంటుంది. కాబట్టి తేదీకి బదులు ఊరు, ఐదేళ్ళ వ్యవధి చెబితే చాలునని ఉత్తర్వు ఇవ్వండి. ఆ చట్టానికి ముందటి పుస్తకాలను స్కాన్ చేయించి, అసలు ప్రతులను రాష్ట్ర ఆర్కైవ్స్‌కు చేర్చండి. నకలులో మరణ కారణం చూపరాదన్న నియమం నిన్నమొన్న పోయినవారి విషయంలో న్యాయమే గానీ, నూరేళ్ళు దాటినవాటికి సడలించమని కేంద్రాన్ని కోరండి.

పని ఆలస్యం కారాదు. ఆ రిజిస్టరు మూసేటప్పుడు అక్టోబరు పుట మూల విరిగి నా చేతిలోకి వచ్చింది. దాన్ని ఆ పుటలోనే పెట్టి వచ్చాను.

భవదీయుడు,
కృష్ణా జిల్లాకు చెందిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు