పాట రాసినవారి పేరు చెప్పరేం?

సంపాదకులకు నమస్కారం.

గత శనివారం సాయంత్రం మా మేనకోడలి బలవంతం మీద బంజారాహిల్స్‌లో ఒక కాఫీ హోటల్ మేడ మీద జరిగిన పాటల కార్యక్రమానికి వెళ్లాను. సొంతంగా పాట రాసుకుని, తామే వరుస కట్టుకుని పాడే నలుగురు యువతీ యువకులు పాల్గొన్నారు. దీన్ని ఇండీ సంగీతం అంటున్నారు. ఏ సినిమాకూ, ఏ పెద్ద ఆడియో సంస్థకూ కట్టుబడని పాట అని అర్థమట.

తల్లి కుట్టుమిషన్ గురించి పాలమూరు యాసలో ఒక అమ్మాయి పాడిన పాట ఇంకా చెవుల్లోనే ఉంది. మిషన్ తొక్కే చప్పుడును గిటారు తీగల మీద బొటనవేలితో పట్టి, పల్లవి పొడవునా తాళంగా నడిపింది. దారం తెగిన చోట ఆ తాళం ఆపేసి, ఒట్టి గొంతుతో చరణం ఎత్తుకుంది. సరిగ్గా అప్పుడే కాఫీ యంత్రం బుస్సుమంది. ఆమె ఆగి, నవ్వి, చరణం మళ్లీ మొదటి నుంచి అందుకుంది. శ్రుతి ఒకటి రెండు చోట్ల జారిన మాట నిజమే కానీ, చూపు ఆనని తల్లి సూదిలో దారం ఎక్కించమని పిల్లను కేకేయడం నేను ఇదివరకు ఏ పాటలోనూ వినలేదు.

ఆ పాట ముగిసీ ముగియకముందే వెనుక వరుసలోంచి ‘ఏదైనా సినిమా పాట అందుకోండి’ అని కేకలు వినిపించాయి. వారిని నేను తప్పుపట్టను, పాట అంటే సినిమా పాటే అన్న అలవాటు మనందరిదీ. నా అభ్యంతరమంతా నిర్వాహకుల తీరు మీదనే. గోడకు అంటించిన పోస్టరులో కూల్‌డ్రింకు కంపెనీ గుర్తు ఉంది, ఫొటోలు తీసినవారి పేరు ఉంది. పాటగాళ్ల పేర్లకు బదులు ‘లైవ్ మ్యూజిక్’ అన్న రెండు మాటలే ఉన్నాయి. ఏ పాట ఎవరు రాశారో, ఎవరు వరుస కట్టారో మైకులో ఒక్కసారైనా ప్రకటించలేదు. ఒకరు రాసిన పాటను ఇంకొకరు పాడారన్న సంగతి నాకు మా మేనకోడలు చెబితే తెలిసింది.

నా తరం వారు ఆకాశవాణి లలిత గీతాలు వింటూ పెరిగినవారు. పాటకు ముందు ‘రచన ఫలానా, సంగీతం ఫలానా’ అని చెప్పేవారు కాబట్టే పాటతోపాటు దేవులపల్లి కృష్ణశాస్త్రి గారి పేరూ, తామే రాసి తామే బాణీ కట్టిన బాలాంత్రపు రజనీకాంతరావు గారి పేరూ ఇంటింటికీ చేరాయి. రేడియో రాని కాలంలో పదకర్తలు ఈ పనిని ఇంకొకరి చేతికి వదలలేదు. క్షేత్రయ్య పదాల్లో ఆయన సంతకం లాంటి ‘మువ్వగోపాల’ ముద్ర ఉంటుంది, త్యాగయ్య కృతి చివర ఆయన పేరే ఉంటుంది. మాటా పాటా రెండూ తనవే అయినవారిని వాగ్గేయకారులు అన్నాం. ‘సింగర్ సాంగ్‌రైటర్’ అని చెప్పుకునే ఈ పిల్లలకు ఆ మాట బరువనిపించవచ్చు గానీ, చేస్తున్నది అదే పని.

ఇది మర్యాదకు సంబంధించిన విషయం మాత్రమే కాదు. 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 57వ సెక్షన్ ప్రకారం, హక్కులన్నీ అమ్ముకున్న తరువాత కూడా ఆ కృతి తనదేనని చెప్పుకునే హక్కు రచయితకు మిగిలే ఉంటుంది. ఏమీ అమ్ముకోని పిల్లలకు ఆ పాటి ప్రకటన దక్కకపోవడం ఏం న్యాయం?

మీ పత్రికకూ ఒక విన్నపం. సినిమాలో ఒక్క పాట విడుదలైతే ఫొటోతో సహా వార్త వేస్తున్నారు. నగరంలో జరిగే ఇటువంటి సాయంత్రాలను ఆనాటి కార్యక్రమాల జాబితాలో చేర్చి, పక్కనే పాటకర్తల పేర్లు అచ్చు వేస్తే ఒక్కో దానికి రెండు పంక్తులు మించవు. పేర్లు పంపితేనే ప్రకటిస్తామని మీరు షరతు పెడితే నిర్వాహకులు కూడా దారికి వస్తారని నా నమ్మకం.

కుట్టుమిషన్ పాట పాడిన అమ్మాయి పేరు ఈ లేఖలో రాయాలనుకున్నాను. ఆమె చెప్పుకున్న పేరు కుర్చీల చప్పుడులో నాకు వినబడలేదు. మా మేనకోడలు కనుక్కుంటానంది, తెలిశాక మళ్లీ రాస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు అధ్యాపకుడు,
మల్కాజిగిరి, హైదరాబాద్