ఎలక్ట్రాన్ గిరగిరా తిరుగుతున్నందుకు కాదు

సంపాదకులు గారికి నమస్కారం.

గత ఆదివారం మీ పిల్లల పేజీలో ఒక పాప అడిగిన ప్రశ్న చదివాను. పరమాణువు మధ్యలోని కేంద్రకానిది ధనావేశం, ఎలక్ట్రాన్‌ది రుణావేశం, రెండూ ఆకర్షించుకుంటాయి కదా, మరి ఎలక్ట్రాన్ వెళ్లి కేంద్రకంలో ఎందుకు పడిపోదు అని. ఎంత మంచి ప్రశ్నో! దానికి మీరు వేసిన జవాబు మాత్రం తప్పు. సూర్యుడి చుట్టూ భూమి తిరిగినట్టే ఎలక్ట్రాన్ కూడా తిరుగుతుందని, ఆ వేగమే దాన్ని లోపల పడకుండా కాపాడుతోందని రాశారు. పక్కనే గుండ్రటి గీతలు, వాటి మీద గోళీల్లాంటి ఎలక్ట్రాన్లతో బొమ్మ ఒకటి.

నేను చాలా ఏళ్లు బడిలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ని. ఆ బొమ్మ నేనూ బోర్డు మీద లెక్కలేనన్ని సార్లు గీశాను. ఒకసారి వెనక బెంచీ కుర్రాడు లేచి, "అలా తిరుగుతూనే ఉంటే అలసిపోదా సార్?" అన్నాడు. క్లాసంతా నవ్వింది. నేను కూర్చోమన్నాను. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది, ఎందుకంటే వాడు అడిగిందే అసలు సంగతి.

1911లో రూథర్‌ఫర్డ్ కేంద్రకం ఉందని తేల్చినప్పుడు భౌతికశాస్త్రం ముందు నిలిచిన చిక్కు అదే. విద్యుదావేశం ఉన్న కణం గుండ్రంగా తిరిగితే విద్యుదయస్కాంత తరంగాల రూపంలో శక్తి పోగొట్టుకోవాలి. శక్తి తగ్గేకొద్దీ సుడి తిరుగుతూ లోపలికి జారిపోవాలి. ఆ లెక్కన హైడ్రోజన్ పరమాణువు ఆయుష్షు సుమారు 16 పికోసెకన్లు. సెకనులో లక్ష కోట్ల వంతు ఒక పికోసెకను! అంటే తిరగడం ఎలక్ట్రాన్‌ను కాపాడదు, ముంచుతుంది. కొన్ని కక్ష్యల్లో ఉన్నప్పుడు శక్తి పోదని 1913లో బోర్ అన్నాడు. హైడ్రోజన్ వెలువరించే కాంతి రంగులకు ఆయన లెక్క చక్కగా సరిపోయింది. ఎందుకు పోదో మాత్రం ఆయన చెప్పలేకపోయాడు. మన పాఠాలు చాలావరకు అక్కడే ఆగిపోతాయి.

జవాబు 1926, 1927ల్లో ష్రోడింగర్, హైజెన్‌బర్గ్‌ల పనితో వచ్చింది. ఎలక్ట్రాన్ గోళీ కాదు, దానికి తరంగ స్వభావం ఉంది. వాయిద్యం మీద తీగను వేలితో నొక్కి పొట్టి చేస్తే శ్రుతి పైకి పోతుంది కదా, ఎలక్ట్రాన్‌ను ఇరుకులో పెట్టినా అలాంటిదే జరుగుతుంది. చోటు తగ్గేకొద్దీ దాని గతిశక్తి పెరుగుతుంది. చోటు సగమైతే ఆకర్షణ వల్ల కలిసొచ్చే శక్తి రెండు రెట్లవుతుంది, గతిశక్తి మాత్రం నాలుగు రెట్లవుతుంది. కాబట్టి ఒక హద్దు దాటి దగ్గరికి లాగడం గిట్టుబాటు కాదు. హైడ్రోజన్‌లో ఆ హద్దు సుమారు 0.053 నానోమీటర్లు, అంటే దాని కేంద్రకమైన ప్రోటాన్ వ్యాసార్ధానికి దాదాపు 60,000 రెట్లు. అంతకంటే తక్కువ శక్తి గల స్థితి అనేదే లేదు, ఇక పడడానికి చోటేది? బలవంతంగా ప్రోటాన్ అంత ఇరుకులో కుక్కితే ఎలక్ట్రాన్ గతిశక్తి ఆ ఆకర్షణకు వంద రెట్లు దాటిపోతుంది.

ఇంకో మాట. హైడ్రోజన్ ఎలక్ట్రాన్ అతి తక్కువ శక్తితో ఉన్నప్పుడు దాని కక్ష్యా కోణీయ ద్రవ్యవేగం, అంటే కేంద్రకం చుట్టూ తిరగడాన్ని కొలిచే రాశి, సున్నా. అంటే మీరు రాసిన అర్థంలో అది తిరగడమే లేదు.

నిజానికి "బయటే ఉంటుంది" అనడం కూడా పూర్తిగా సరికాదు. ఎలక్ట్రాన్ ఎక్కడెక్కడ కనబడవచ్చో చూపే మేఘం కేంద్రకం మీదుగా కూడా పరుచుకుని ఉంటుంది, లోపల కనబడే అవకాశం అతి స్వల్పమే అయినా సున్నా కాదు. కొన్ని పరమాణువుల్లో కేంద్రకం తన సొంత ఎలక్ట్రాన్‌నే మింగేస్తుంది. 1937లో అల్వారెజ్ అనే భౌతికశాస్త్రవేత్త దీన్ని ప్రయోగంలో పట్టుకున్నాడు. బెరీలియం-7 లిథియం-7గా మారేది ఇలాగే, దాని అర్ధాయువు, అంటే ఉన్నదాంట్లో సగం మారిపోవడానికి పట్టే కాలం, సుమారు 53 రోజులు. హైడ్రోజన్‌కు ఆ భయం లేదు. ఎలక్ట్రాన్‌ను మింగితే ప్రోటాన్ న్యూట్రాన్‌గా మారాలి, కానీ ప్రోటాన్, ఎలక్ట్రాన్ కలిపినా న్యూట్రాన్ అంత బరువు తూగవు, మింగడానికి కావలసిన శక్తి చాలదు.

ఇదంతా పిల్లలకు ఎక్కదంటారేమో. లెక్కలు ఎక్కవు, నిజమే. ఇరుకులో పెడితే ఎలక్ట్రాన్ ఊరుకోదన్న మాట మాత్రం ఆరో తరగతి పిల్లకైనా అర్థమవుతుంది. పాఠ్యపుస్తకాలు రాసేవారు కూడా ఆ బొమ్మ కింద, ఇది 1913 నాటి ఊహ, తర్వాత మారింది అని ఒక్క వాక్యం వేస్తే చాలు. మీరు వచ్చే ఆదివారం సవరణ వేయండి. వేసేటప్పుడు దయచేసి ఆ గుండ్రటి గీతల బొమ్మ మళ్లీ పెట్టకండి.

ఇట్లు
ఒక విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు