బర్మా సైన్యాన్ని గుర్తించామా, లేదా?

సంపాదకుడు గారికి నమస్కారం.

మయన్మార్ సైనిక ప్రభుత్వాన్ని గుర్తిస్తున్నామని ఢిల్లీ ఎన్నడూ ప్రకటించలేదు. కానీ ఈ రోజుల్లో గుర్తింపు ప్రకటనతో రాదు. ఎవరి కవాతుకు వెళ్లాం, ఎవరి చేయి కలిపాం అన్నదాన్ని బట్టే వస్తుంది.

2021 ఫిబ్రవరి 1న సైన్యం అధికారం గుంజుకుంది. మార్చి 27న ఆ దేశ రాజధాని నేపిడాలో జరిగిన సైనిక కవాతులో మన ప్రతినిధి కూడా ఉన్నారు. ఆ రోజే ఆ దేశపు వీధుల్లో వందమందికి పైగా జనాన్ని కాల్చి చంపారు. జూన్‌లో ఆ సైన్యాన్ని తప్పుబట్టిన ఐక్యరాజ్యసమితి తీర్మానానికి 119 దేశాలు ఓటేశాయి, మనం ఓటింగుకు దూరంగా ఉండిపోయాం.

మాట ఒకటి, చేత ఒకటి మన ఒక్కరిదే కాదు. సైనిక కుట్రను ఖండించిన బ్రిటన్, సైన్యం నిర్బంధించిన నాయకురాలు ఆంగ్ సాన్ సూకీని విడుదల చేయమన్న మయన్మార్ రాయబారిని సైన్యం తొలగిస్తే ఆ తొలగింపును ఒప్పుకుంది. ఆయన్ను సొంత ఎంబసీలోకే వెళ్లనివ్వకపోవడంతో, లండన్‌లో ఆ రాత్రి కారులోనే గడిపారు! ఐరాసలో మూడు వేళ్లెత్తి నిరసన తెలిపిన మయన్మార్ రాయబారి క్యా మో టున్ సీటు మాత్రం నిలిచింది, సైన్యం పంపిన పేరును ఆమోదించకుండా వాయిదా వేస్తూ వచ్చారు కాబట్టి.

మా అమ్మమ్మ రంగూన్ నుంచి వచ్చిన మనిషి. 1962లో సైన్యాధిపతి నే విన్ గద్దెనెక్కాక, 1964లో పెద్ద నోట్లు రద్దయ్యాయి. ఆమె ట్రంకుపెట్టె అడుగున మడతలు పడిన వంద క్యాట్ల నోట్లు నాలుగు చివరిదాకా ఉన్నాయి. చెల్లవని తెలిసినా పారేయనిచ్చేది కాదు. ఆ పెట్టె ఒక్కటే ఆమె తెచ్చుకున్న ఆస్తి. మా బర్మా క్యాంపులో ఇలాంటి ఇళ్లు ఎన్నో.

1643 కిలోమీటర్ల సరిహద్దు ఉంది, పక్కనే చైనా ఉంది, మాట్లాడక తప్పదంటారు. నిజమే. 2025 భూకంపంలో సాయం పంపడం కూడా మంచి పనే. కానీ మిజోరంను మయన్మార్‌తో కలిపేందుకు మనం చేపట్టిన కలదాన్ రోడ్డు వెళ్లే పలెత్వా పట్టణం 2024 జనవరిలోనే సైన్యం చేజారి, దానితో పోరాడుతున్న సాయుధ దళం అరాకాన్ ఆర్మీ చేతికి పోయింది. సరిహద్దు అవతల చాలా చోట్ల మాట్లాడాల్సింది సైన్యంతో కాదు. వేలాది శరణార్థులకు అన్నం పెట్టిన మిజోరం ప్రజలకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు.

ఐరాస సీటును సైన్యానికి అప్పగించాలన్న ప్రతిపాదన వస్తే భారత్ వద్దని ఓటెయ్యాలి. 2020 ఎన్నికల్లో గెలిచినవాళ్లు ఏర్పరచుకున్న జాతీయ ఐక్య ప్రభుత్వంతో బాహాటంగా మాట్లాడాలి. మన ఎంపీలు ఈ ప్రశ్నను పార్లమెంటులో లేవనెత్తాలని కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, బర్మా క్యాంపు, విశాఖపట్నం