మందులు రాయని డాక్టర్లు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆరోగ్యం పేజీలో వైద్య సమాజశాస్త్రం చదివినవారి చేత కూడా రాయించండి. ఆ శాస్త్రంలో పీహెచ్‌డీ చేసినవారిని మా వీధిలో ‘మందులు రాయని డాక్టరు’ అంటారు లెండి! జబ్బు ఒంటిదైనా, దాన్ని చెప్పుకునే తీరు పెరిగిన చోటుది అంటారు వాళ్లు. అమెరికా సమాజశాస్త్రవేత్త ఇర్వింగ్ జోలా 1966లో బోస్టన్ రోగుల గురించి రాస్తూ, ఒకే జబ్బుకి ఐరిష్ సంతతివాళ్లు నొప్పి లేదనేవారని, ఇటాలియన్ సంతతివాళ్లు బాధలన్నీ ఏకరువు పెట్టేవారని చూపించారు.

మొన్న మా అత్తయ్యను నెల్లూరు నుంచి తీసుకొచ్చి ఇక్కడ చెన్నైలో ఓ ఆసుపత్రిలో చూపించాను. “గుండెల్లో దడ, కాళ్లు పీకులు, తిన్నది ఒంటికి పట్టట్లేదమ్మా” అంది. డాక్టరుకి తెలుగు రాదు. నాకొచ్చిన తమిళంలో చెబితే అదంతా కలిపి ‘పల్పిటేషన్’ (గుండె దడ) అయి కూర్చుంది. చీటీ మీద ఆ ఒక్క మాటే! పొలం అమ్మేసినప్పటి నుంచే దడ అన్న సంగతి సెంట్రల్‌లో రైలెక్కుతూ, చేతిసంచీ సర్దుకుంటూ చెప్పింది. అప్పటికి చీటీ, మందులు, టెస్టులు అన్నీ అయిపోయాయి.

ఇలాంటి సంగతి ముందే రాబట్టడం ఎలాగో ఆ ‘మందులు రాయని డాక్టర్లు’ రాస్తే చదవాలని ఉంది. రాసినవారు ఏం చదివారో, దేని మీద పరిశోధిస్తున్నారో పేరు కింద రెండు ముక్కలు వేయండి.

– ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై