చిక్ వెబ్ కథలో డ్రమ్ములేవి?

సంపాదకులకు,

మీ ఆదివారం అనుబంధంలో అమెరికా జాజ్ డ్రమ్మర్, బ్యాండు నాయకుడు చిక్ వెబ్ మీద వచ్చిన వ్యాసం చదివాం. చిన్నప్పుడే వెన్నుకు సోకిన క్షయ, గూని, 1939 జూన్ 16న బాల్టిమోర్‌లో మరణం, అన్నీ వివరంగా రాశారు. 1935లో ఎల్లా ఫిట్జెరాల్డ్‌ను బ్యాండులోకి తీసుకున్న ముచ్చటా ఉంది. ఆయన డ్రమ్ముల మీద ఏం చేశాడన్నది మాత్రం రెండు వాక్యాల్లో తేల్చేశారు. తిరుపతిలో పెళ్లి బ్యాండ్లకు, ఆర్కెస్ట్రాలకు వాయించే కుర్రాళ్లకు పనికొచ్చేది ఆ భాగమే.

మన బ్యాండు మేళంలో సైడ్ డ్రమ్ ఒకరిది, మెడకు తగిలించుకున్న బాస్ డ్రమ్ ఇంకొకరిది, తాళాలు మరొకరివి. జాజ్ పుట్టిన అమెరికా నగరం న్యూ ఆర్లీన్స్‌లో వీధి బ్యాండ్ల తీరూ ఇదే. అమెరికాలో డ్రమ్ములు తయారుచేసే లడ్విగ్ సోదరులు 1909లో వేగంగా తొక్కగలిగే కాలి పెడల్ తెచ్చాక, ఒక్కడే కూర్చుని అన్నీ వాయించడం తేలికైంది. వెబ్ వాడిన బాస్ డ్రమ్ 28 అంగుళాలది. ఇవాళ జాజ్ వాళ్లు 18, 20 అంగుళాలతో సరిపెట్టుకుంటారు. మనిషేమో నాలుగడుగుల వాడు. అందుకే ఎత్తయిన వేదిక వేయించుకున్నాడు, పెడళ్లు తనకు తగ్గట్టు చేయించుకున్నాడు, తాళాలను వంకర కడ్డీలకు చేతికందేలా వేలాడదీయించాడు. మనవాళ్లు సెట్ ఎలా ఉంటే అలాగే కూర్చుంటారు. స్టూలు మరీ కిందకుంటే ప్రతి దెబ్బకీ తొడను పైకి లాగాల్సి వస్తుంది, గంటలోపే నడుము పట్టేస్తుంది. మోకాలు తుంటికన్నా కాస్త కిందుగా ఉండాలి.

అంత పెద్ద డ్రమ్మును ఆవర్తానికి నాలుగు దెబ్బల చొప్పున మోగిస్తే డబుల్ బేస్ (నిలబెట్టి వాయించే పెద్ద తీగవాద్యం) తీగలు ఎవరికీ వినపడవు. ఆ నాలుగూ మెత్తగా పడాలి. బీటర్, అంటే పెడల్ తొక్కితే డ్రమ్మును కొట్టే సుత్తి, చర్మాన్ని తాకగానే వెనక్కి రావాలి, అక్కడే అదిమితే నాదం చస్తుంది. ఈ ఒక్కటీ సాధన చేసినా మన ఆర్కెస్ట్రాల్లో పాడేవాళ్ల గొంతు బతికిపోతుంది.

చర్మం సంగతి కార్తీకంలో తిరుచానూరు బ్రహ్మోత్సవాలకు డోలు వాయించేవారిని అడిగితే చెబుతారు. 1950ల చివర్లో ప్లాస్టిక్ వచ్చేదాకా డ్రమ్ములకు దూడచర్మమే. చెమ్మ తగిలితే వదులై శ్రుతి దిగుతుంది, బిగించాలి. బిగించినదాన్ని కచేరీ అయ్యాక వదులు చేయకుండా పెట్టెలో పెడితే, ఎండ కాసిన రోజు ముడుచుకుని చీలుతుంది. బిగించేటప్పుడు ఒక మర తర్వాత పక్కది తిప్పకూడదు. ఎదురెదురు మరలను పావు చుట్టు చొప్పున తిప్పాలి, ప్రతి మర దగ్గరా అంచుకు అంగుళం లోపల పుల్లతో తట్టి చూడాలి. ఒకచోట హెచ్చు, ఒకచోట తగ్గు పలికితే ఎంత బిగించినా నాదం కుదురుకోదు.

నాయకత్వం విషయానికొస్తే, వెబ్‌కు నొటేషన్ చదవడం రాదు. రచన మొత్తం విని గుర్తుపెట్టుకునేవాడు, ఎవరి భాగం ఎక్కడ మొదలవ్వాలో డ్రమ్ము మీదే సైగ ఇచ్చేవాడు. న్యూయార్క్ హార్లెమ్‌లోని సవాయ్ బాల్‌రూమ్ అనే నాట్యశాలలో పక్కపక్కనే రెండు వేదికలు. ఒక బ్యాండు ఆపితే రెండోది అందుకోవాలి, నాట్యం ఆగకూడదు. 1937 మే 11న అక్కడే క్లారినెట్ వాద్యకారుడు బెన్నీ గుడ్‌మన్ బ్యాండుతో పోటీ. అవతల డ్రమ్ముల మీద కూర్చున్నది జీన్ క్రూపా అంతటివాడు. చివరికి ఆయనే వెబ్‌కు వంగి నమస్కరించాడు. గుడ్‌మన్‌కు పేరు తెచ్చిన కొన్ని బాణీలు అంతకుముందు వెబ్ బ్యాండు కోసం అందులోని వాద్యకారుడు ఎడ్గార్ శాంప్సన్ కట్టినవేనని కూడా మీ వ్యాసం చెప్పి ఉండాల్సింది.

వినాలనుకునేవారు వెబ్ బ్యాండు 1937 నాటి రికార్డు ‘హార్లెమ్ కాంగో’తో మొదలుపెట్టవచ్చు. ఫోన్ స్పీకర్‌లో బాస్ డ్రమ్ అసలు లేనట్టే ఉంటుంది, ఇయర్‌ఫోన్లు పెట్టుకోవాలి.

ఈ వరుసలో న్యూ ఆర్లీన్స్ డ్రమ్మర్ బేబీ డాడ్స్ గురించి కూడా రాస్తే, 1923లో కింగ్ ఆలివర్ బ్యాండు రికార్డుల్లో ఆయన డ్రమ్ములు ఎందుకు సరిగా వినపడవో వివరించండి. అప్పటికింకా రికార్డింగులో మైకు వాడకం రాలేదు. గరాటులోకి వాయిస్తే ఆ అదురుకే సూది మైనం మీద గాడి గీసేది. బాస్ డ్రమ్ దెబ్బకు సూది ఎగిరిపోతుందని ఆయన చేత చెక్కముక్కలే ఎక్కువగా వాయింపించారు. ఫొటో వేస్తే ముఖం ఒక్కటే కాకుండా సెట్ మొత్తం కనిపించేది వేయమని మనవి.

– తాళవాద్య శిక్షకులు కొందరు, తిరుపతి