గణిత చరిత్రకు వరంగల్ నుంచి ఒక పరిశోధన పత్రిక కావాలి: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. హనుమకొండలో చాలా ఏళ్లు డిగ్రీ పిల్లలకు లెక్కలు చెప్పి రిటైర్ అయినవాణ్ణి. మీ టేబుల్ మీదికి రోజూ వచ్చే అర్జీల్లో ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు, హాస్టళ్లు, ఖాళీ పోస్టులు ఉంటాయి. అవి ముందు తీరాల్సినవే. నేను అడిగేది వాటి పక్కన చాలా చిన్న ఖర్చు. గణిత చరిత్ర మీద జరిగే పరిశోధనను తెలిసినవాళ్లతో పరిశీలింపజేసి, సరిదిద్ది, అచ్చువేసే పత్రిక ఒకటి కాకతీయ విశ్వవిద్యాలయం నుంచి రావాలి. అందులో తెలుగులో రాసిన వ్యాసాన్ని కూడా పరిశోధనగానే లెక్కగట్టాలి.

ఇది ఎందుకు అవసరమో ఒక పద్యంతో చెబుతాను. చదరంగం పలక మీద మొదటి గడిలో ఒకటి, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా 64 గళ్లదాకా రెట్టింపు చేస్తూ పోతే మొత్తం ఎంత? దీనికి జవాబును 11వ శతాబ్ది కవిగా చెప్పుకునే పావులూరి మల్లన ఒక చంపకమాలలో ఇమిడ్చాడు. ‘శర శశి షట్క చంద్ర’ అని మొదలవుతుంది. మన్మథుడి బాణాలు అయిదు కాబట్టి శరమంటే 5. శశి 1, షట్కం 6, చంద్రుడు మళ్లీ 1. ఇలా వచ్చిన అంకెలను కుడి నుంచి ఎడమకు పేర్చుకుంటూ పోతే 18446744073709551615 వస్తుంది. ఇరవై అంకెలు, ఒక్కటీ తప్పు లేదు. క్లాసులో ఈ పద్యం విప్పి చెప్పిన ప్రతిసారీ పిల్లల ముఖాలు వెలిగిపోయేవి.

అదే పద్యంలో ‘వియన్నగాగ్ని’ అనే మాట ఉంది. అగ్ని అంటే 3, అబ్ధి (సముద్రం) అంటే 4. ఏ లేఖకుడో తాటాకు మీద ఎక్కించేటప్పుడు అగ్ని బదులు అబ్ధి అని రాశాడనుకోండి. గురులఘువులు మారవు, యతి చెడదు, పద్యం హాయిగా నడిచిపోతుంది. లెక్కలో మాత్రం 3 పోయి 4 వచ్చి కూర్చుంటుంది. ఇక్కడ జవాబు మనకు వేరే దారిలో తెలుసు కాబట్టి పట్టుకోగలం. ప్రశ్నలోనే అంకె మారిపోయిన చోట ఏం చేస్తాం? దొరికిన ప్రతులన్నీ పక్కపక్కన పెట్టి, పాఠభేదాలు రాసుకుని, ఒక్కో లెక్కనూ మళ్లీ చేసి చూడాలి. దానికి ఛందస్సు తెలిసినవాళ్లూ గణితం తెలిసినవాళ్లూ ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి. ఏళ్లు పట్టే పని అది. చేసినవాళ్ల పేరుతో అచ్చులోకి రాకపోతే ఎవరూ దాని జోలికి పోరు.

ఇలాంటి పనికి ప్రభుత్వం పూనుకోవడం కొత్తేమీ కాదు. పావులూరి గణితం పేరుతో మల్లన తెలుగు చేసింది మహావీరాచార్యుడు 9వ శతాబ్దిలో రాసిన సంస్కృత గ్రంథం గణితసార సంగ్రహాన్ని. ఆ సంస్కృత మూలాన్ని 1912లో ఎం. రంగాచార్య సంపాదకత్వంలో, ఇంగ్లీషు అనువాదంతో సహా, మద్రాసు ప్రభుత్వమే అచ్చువేయించింది. దానితోనే బయటి దేశాల గణిత చరిత్రకారులకు మహావీరుడు అందాడు. వందేళ్లు దాటాక ఒక తెలుగు ప్రభుత్వం మల్లనకు అంతమాత్రం చేయలేదా?

ఇప్పుడు మన పిల్లల పరిస్థితి చెబుతాను. నా దగ్గరికి వచ్చిపోయే ఒక పరిశోధక విద్యార్థిని పాత ఊరి లెక్కల కట్టల్లో భిన్నాలు రాసే పద్ధతి మీద పనిచేసింది. మన పెద్దలు పాతిక (1/4), పరక (1/8), వీసం (1/16) అని నోటితో చెప్పడమే కాదు, వాటికి వేరే గుర్తులు కూడా వాడారు. ఆ రాత నాలుగు ఆధారంగా నడుస్తుంది: పాతికల వరుసకు నిలువు గీతలు, వీసాల వరుసకు అడ్డ గీతలు. కంప్యూటర్లలో అన్ని భాషల అక్షరాలకూ సంకేతాలిచ్చే యూనికోడ్‌లో, 2008లో వచ్చిన 5.1 కూర్పులో ఈ గుర్తులకు చోటు కూడా దొరికింది. అంటే వాటిని ఈరోజు కంప్యూటర్‌లో టైప్ చేయవచ్చు. కానీ ఆ అమ్మాయి వ్యాసం చూసిన గణితం వాళ్లు ‘ఇందులో కొత్త సిద్ధాంతం ఏముంది?’ అన్నారు. చరిత్ర వాళ్లు ‘ఈ లెక్కలు మాకు అందవు’ అన్నారు. చివరికి ఒక ఉద్యోగ ఇంటర్వ్యూలో, తెలుగులో అచ్చయిన వ్యాసానికి పాయింట్లు రావని చెప్పేశారు. డబ్బు కడితే నాలుగు రోజుల్లో ఏదైనా అచ్చేసే ఆన్‌లైన్ పత్రికల్లో వేసుకున్నవాళ్లకు మాత్రం పాయింట్లు వచ్చాయి. ఇది ఆ పిల్ల ఒక్కదానికే జరిగిన అన్యాయమైతే ఈ లేఖ రాసేవాణ్ణి కాదు.

మంచి పత్రికలు దేశంలో లేవని నేననడం లేదు. భారత జాతీయ విజ్ఞాన అకాడమీ 1966 నుంచి విజ్ఞాన చరిత్రకు ఒక పత్రిక నడుపుతోంది. ఆర్.సి. గుప్తా గారు 1979లో మొదలుపెట్టిన గణిత భారతి ఉంది. మన పిల్లలు వాటికీ రాయాలి. కానీ మూలం తెలుగులో ఉన్నప్పుడు, దాన్ని పరిశీలించాల్సినవాళ్లకు తెలుగు రావాలి కదా.

ప్రాంతీయ భాషలో అచ్చువేస్తే ప్రపంచం చూడదనే మాట అధికారుల దగ్గర ఎప్పుడూ వింటుంటాను. కేరళను చూడండి. అక్కడి పాత గణితజ్ఞుడు మాధవుడి సంప్రదాయంలోని అనంత శ్రేణుల గురించి సి.ఎం. విష్ అనే ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి ఇంగ్లీషులో రాసిన వ్యాసం 1834లోనే లండన్‌లో అచ్చయింది. వందేళ్లకు పైగా దాన్ని పట్టించుకున్నవాళ్లు చాలా తక్కువ. ఆ శ్రేణులకు ఉపపత్తులు, అంటే రుజువులు, చెప్పే యుక్తిభాష మలయాళంలో రాసిన గ్రంథం. 1948లో దాని మొదటి భాగాన్ని త్రిచూర్‌లో మలయాళ వివరణతోనే అచ్చువేశారు. ఆ దశకంలోనే సి.టి. రాజగోపాల్, ఆయన సహచరులు ఈ గణితం మీద వ్యాసాలు రాయడం మొదలుపెట్టారు. ఇవాళ గణిత చరిత్ర పుస్తకాల్లో మాధవుడి పేరు ఉందంటే సొంత భాషలో ఓపికగా చేసిన ఆ పని కూడా ఒక కారణం.

మరో సంగతి నన్ను ఇంకా ఎక్కువగా బాధపెడుతుంది. డిగ్రీ కాలేజీల్లో ఇప్పుడు భారతీయ జ్ఞాన వ్యవస్థల పేరుతో కోర్సులు వస్తున్నాయి. పాఠం చెప్పాల్సిన లెక్చరర్‌కు నమ్మదగిన తెలుగు సామగ్రి దొరకదు. వాట్సాప్‌లో వచ్చిందే క్లాసుకు వెళ్తోంది. 1965లో అచ్చయిన వేద గణితం సూత్రాలు వేదాల్లో దొరకవని పండితులు ఎప్పుడో తేల్చారు. అయినా వాటినే వేల ఏళ్లనాటివని పిల్లలకు చెబుతున్నారు. నిజంగా మన దగ్గర ఉన్నది చూపించకుండా లేనిదాన్ని పొగడటం వల్ల మన పూర్వీకులకు గౌరవం పెరగదు.

ఉన్నదేమిటో వెతకడానికి వరంగల్‌కన్నా మంచి చోటు ఏది? కాకతీయ గణపతిదేవుడి మోటుపల్లి శాసనం ఓడ సరుకు మీద ముప్పయింట ఒక వంతు సుంకమని నిర్ణయించింది. బయ్యారం చెరువు, 1213 నాటి రామప్ప గుడి, వేయిస్తంభాల గుడి కట్టినవాళ్లు కొలతలు లేకుండా కట్టలేదు. పరకాల, ములుగు, జనగామ, హుజూరాబాద్ వైపు పాత పట్వారీల ఇళ్లలో కట్టలు ఇంకా అటకల మీదే ఉన్నాయి. చెదలు ఆగవు సార్.

చదువుకోవడానికైతే ఇప్పుడు కొంత దారి దొరికింది. కేంద్రం 6,000 కోట్లతో ఒకే దేశం ఒకే చందా పథకం పెట్టి, సుమారు 13,000 పత్రికలను ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకు తెరిచింది. రాసుకోవడానికి చోటు మనమే కట్టుకోవాలి. అడ్డు కూడా ఏమీ లేదు. యూజీసీ 2018లో పెట్టిన కేర్ జాబితాను, అంటే తాను గుర్తించిన పత్రికల జాబితాను, 2025లో తీసేసి, ఏ పత్రిక మంచిదో తేల్చుకునే బాధ్యతను విద్యాసంస్థలకే వదిలింది. అంటే ఉన్నత విద్యామండలి తలచుకుంటే, సక్రమంగా పరిశీలన జరిగిన తెలుగు వ్యాసానికి ఇంగ్లీషు వ్యాసంతో సమానంగా పాయింట్లు ఇవ్వాలని రేపే సర్క్యులర్ పంపవచ్చు.

పత్రిక ఏడాదికి రెండు సంచికలు వస్తే చాలు. రాసేవాళ్ల దగ్గర రూపాయి తీసుకోకూడదు, చదివేవాళ్లకు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరకాలి. ప్రతి వ్యాసాన్నీ ఒక గణితం మనిషి, ఒక భాషో శాసనమో తెలిసిన మనిషి చూడాలి. తెలుగు వ్యాసాలకు ఇంగ్లీషులో వివరమైన సారాంశం ఇస్తే బయటివాళ్లూ అందుకుంటారు. దీనికి కావాల్సింది జీతమున్న ఒక పూర్తికాలపు సంపాదకుడు, ఒక సహాయకుడు, తాళపత్రాలు స్కాన్ చేసే పరికరం, విశ్వవిద్యాలయంలో ఒక గది. పేరుకు ఒక కమిటీ వేసి, ఉన్న ప్రొఫెసర్ల మీదే అదనపు బరువు పెడితే రెండో సంచికకే ఆగిపోతుంది. దయచేసి అలా చేయకండి.

దీనితోపాటు పావులూరి గణితాన్ని అన్ని ప్రతుల పాఠభేదాలతో, నేటి గణిత సంకేతాల్లో వివరణతో తెలుగు అకాడమీ ప్రచురించాలి. మన వరంగల్ జిల్లా లక్నేపల్లిలో పుట్టిన పి.వి. నరసింహారావు గారు 1968లో ఆ అకాడమీకి తొలి అధ్యక్షులు. తెలుగులో ఉన్నత చదువు సాగాలనే దాన్ని పెట్టారు. పాఠ్యపుస్తకాలతో సరిపెట్టకుండా ఈ పని కూడా దానికి అప్పగించండి. హైదరాబాద్‌లోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉన్న గణిత, జ్యోతిష ప్రతుల ఫొటోలు జిల్లాల్లోని పరిశోధకులకు ఆన్‌లైన్‌లో అందేలా ఆదేశాలివ్వండి. ఒక్క తాళపత్రం చూడటానికి ములుగు పిల్లవాడు లాడ్జి ఖర్చు పెట్టుకుని హైదరాబాద్‌లో ఉండాల్సిన అవసరం ఉండకూడదు.

వచ్చే బడ్జెట్‌లో కాకతీయ విశ్వవిద్యాలయం పద్దు కింద ఈ పత్రికకు ఒక లైను చేర్చమని కోరుతున్నాను. ఎంత కావాలో అంచనా వేసి ఇవ్వమంటే, గణితం, తెలుగు, చరిత్ర విభాగాల నుంచి రిటైరైన మేం కొందరం కూర్చుని ఇస్తాం. మొదటి ఏళ్లలో వ్యాసాలు పరిశీలించడానికి జీతం అడగం.

ఇట్లు,
ఒక విశ్రాంత గణిత అధ్యాపకుడు,
హనుమకొండ