కాన్పుల వార్డులో పక్క మంచం దగ్గరున్న అక్కకు

అక్కా, మీ పేరు కూడా అడగలేదు నేను. మీ చెల్లెలికి తోడుగా వచ్చారు మీరు, నాకేమో ఆపరేషన్ అయి రెండో రోజు, బాబు ఒకటే ఏడుపు, పాలు పడటం లేదు డబ్బా పాలు తెండని చుట్టూ అందరూ అంటుంటే నాకు టెన్షన్‌తో ఒళ్లంతా వణుకు. నర్సమ్మలను తప్పుపట్టను, అంత వార్డుకి ఇద్దరే. మీరే లేచి వచ్చారు. నా వీపు వెనక దిండు పెట్టి, కుట్ల మీద బరువు పడకుండా వాడిని నా చంక కిందుగా పడుకోబెట్టి, "నోరు పెద్దగా తెరిచేదాకా ఆగమ్మా, మొన ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా నోట్లోకి పోవాలి" అన్నారు. వాడు మొదటి గుటక వేసిన చప్పుడు ఇంకా నా చెవుల్లోనే ఉంది.

ముర్రుపాలు కొంచెమే వస్తాయి, ఆ చిన్న పొట్టకి అవే చాలు, తాగేకొద్దీ పాలు ఊరతాయని మా అత్తమ్మకి ఎంత ఓపిగ్గా చెప్పారో! 6 నెలల దాకా మంచినీళ్లు కూడా పట్టొద్దన్న మీ మాట ఆవిడ ఇప్పుడు వీధిలో బాలింతలందరికీ చెప్తోంది.

బాబుకి నిన్నటితో 6 నెలలు నిండాయి. అంగన్‌వాడీలో బాలామృతం 2.5 కిలోల ప్యాకెట్ ఇచ్చారు, మెత్తగా జావ చేసి పెడుతున్నా, నా పాలూ ఇస్తున్నా. మీ చెల్లెలి పాప బాగుందా? చాలా థాంక్స్ అక్కా.